ఒక గోపురానికి ఒక పూట

తంజావూరు వెళ్ళొచ్చినవాళ్ళను "ఏం చూశారు?" అని అడిగి చూడండి. "పెద్ద గుడి" అంటారు. "ఇంకా?" అంటే కాసేపు ఆలోచించి, "అక్కడే ఏదో ప్యాలెస్ ఉంది, అదీ చూశాం" అంటారు. ఆ ప్యాలెస్‌లో ఏముంది? "విగ్రహాలున్నాయి. పాత బిల్డింగు. ఎండ బాగా కొట్టింది." ఫోనులో మాత్రం వందల ఫోటోలుంటాయి.

మీ సంగతీ ఇంతేనా? చారిత్రక కట్టడం దగ్గరికి వెళ్తారు, చుట్టూ తిరుగుతారు, ఫోటో దిగుతారు, వారం తిరక్కుండానే దాని గురించి నాలుగు మాటలు చెప్పలేకపోతారు. మీకు ఆసక్తి లేక కాదు. ఆసక్తి లేకపోతే అంత దూరం టికెట్లు కొనుక్కుని వెళ్తారా? చూడడం మనకు ఎవరూ నేర్పలేదు, అంతే. నేర్చుకుంటే వస్తుంది. పది కట్టడాలు పైపైన చూసి నేర్చుకోవడం కంటే ఒక్కదాని దగ్గర ఒక పూట నిలబడి నేర్చుకోవడం తేలిక.

ఆ ఒక్కటీ ఈ అధ్యాయంలో తంజావూరు రాజప్రాసాదంలోని గూడగోపురం. గుడి గోపురంలా కనిపిస్తుంది కానీ లోపల దేవుడు లేడు. ఎనిమిది అంతస్తులు, 190 అడుగులు, ఇటుకా సున్నం కట్టుబడి. రాజ్యాన్ని కనిపెట్టుకుని ఉండే కావలి గోపురంగా, ఆయుధాగారంగా 1855 దాకా పనిచేసింది. దీన్నే ఎందుకు ఎంచుకున్నానంటే, తంజావూరు కోటను ఏలిన నాయకరాజులు తెలుగువాళ్ళు. వారి కొలువు భాష తెలుగు. మనవాళ్ళు అక్కడిదాకా వెళ్ళి ఈ గోపురం కింద నుంచి తల కూడా ఎత్తకుండా వచ్చేస్తుంటే నాకు నిజంగా బాధగా ఉంటుంది.

ముందు నాలుగు ముక్కల్లో చరిత్ర. 16వ శతాబ్దం మొదటి సగంలో విజయనగర చక్రవర్తి అచ్యుతదేవరాయల తోడల్లుడు చెవ్వప్ప నాయకుడు తంజావూరుకు తొలి నాయకరాజయ్యాడు. ఆ తర్వాత అచ్యుతప్ప, రఘునాథుడు, విజయరాఘవుడు. 1673లో ఆ వంశం చేతి నుంచి రాజ్యం జారిపోయింది. కొద్దికాలానికే మరాఠాలు వచ్చారు, కోటను తమ అవసరాలకు తగ్గట్టు పెంచుకుంటూ పోయారు. 1855లో చివరి మరాఠా రాజు రెండో శివాజీ మగ సంతానం లేకుండా చనిపోతే ఇంగ్లీషువాళ్ళు రాజ్యాన్ని కలిపేసుకున్నారు. ఈ మాత్రం తెలిస్తే చాలు, మిగతాది గోపురమే చెబుతుంది. ఎలా చెప్పించుకోవాలో చూద్దాం.

1. ఒక్క ప్రశ్న పట్టుకుని వెళ్ళండి

బయల్దేరేముందు చాలామంది చేసే పొరపాటు, దొరికిందల్లా చదవడం. రాజుల పేర్లు, తేదీలు, కొలతలు బుర్రలో కుక్కుకుంటారు. అక్కడికి వెళ్ళాక ఒక్కటీ గుర్తుకు రాదు. దానికి బదులు ఒకే ఒక్క ప్రశ్న తీసుకెళ్ళండి. ఈ గోపురానికి నేను సూచించే ప్రశ్న ఇది: "ఇక్కడ ఇంత ఎత్తు ఎందుకు కావాల్సి వచ్చింది?"

చాలా మామూలు ప్రశ్నలా ఉంది కదా? కొంచెం ఆలోచించండి. గోల్కొండలో కొండ ఉంది. కొండవీడులో కొండ ఉంది, కొండపల్లిలోనూ ఉంది. దక్కనులో కోట కట్టేవాడు ముందు కొండను వెతుక్కునేవాడు. శత్రువు ఎంత దూరంలో ఉన్నాడో ఆ కొండే చూపించేది. తంజావూరు ఉన్నది కావేరి డెల్టాలో. ఎటు చూసినా వరిపొలాలు, కాలువలు, కొబ్బరిచెట్లు. అలాంటి చోట దూరం నుంచి వచ్చే గుర్రపుదండు రేపిన దుమ్ము కనిపించాలంటే కొండనైనా కట్టుకోవాలి. వాళ్ళు కట్టుకున్న కొండే ఇది.

ఈ ప్రశ్న మీ చేతిలో ఉంటే ప్రాంగణంలో కాలు పెట్టగానే కళ్ళు వాటంతట అవే పని మొదలుపెడతాయి. కిటికీలు ఏ వైపున్నాయి, మెట్లెంత ఇరుకు, పైన ఎంతమంది నిలబడగలరు అని చూస్తారు. పిల్లలు వెంట ఉంటే ప్రశ్నను వాళ్ళకే అప్పజెప్పండి. "నాన్నా, నువ్వు కావలివాడివి. ఎక్కడ నిలబడతావు?" అని అడిగితే చాలు, మీరు ఇక పాఠం చెప్పక్కర్లేదు.

2. రోజును తిరగేయండి

అందరూ పొద్దున పెద్ద గుడికి వెళ్తారు, ఎండ నడినెత్తికొచ్చాక ప్యాలెస్‌కు వస్తారు. అప్పటికి పెద్దవాళ్ళు అలిసిపోయి ఉంటారు, పిల్లలు ఆకలంటుంటారు. "ఏమండీ, బయట నుంచి చూశాంగా, ఇక చాలు" అన్న మాట సరిగ్గా గూడగోపురం ముందే వినిపిస్తుంది.

మీరు దీన్ని తలకిందులు చేయండి. పొద్దున తెరవగానే ప్యాలెస్‌కు వెళ్ళండి. పెద్ద గుడిని సాయంత్రానికి ఉంచుకోండి. గుడిలో చెప్పుల్లేకుండా నల్లరాతి బండల మీద నడవాలి కాబట్టి సాయంత్రమే పాదాలకూ సుఖం. వాలుపొద్దు వెలుగులో గుడి విమానం, అంటే గర్భగుడి మీది శిఖరం, అందమే వేరు. రెండింటి మధ్య నడిచి వెళ్ళగలిగే దూరమే.

ప్యాలెస్ అంటే ఒకే భవనం అనుకోకండి. కళాభవనం, దర్బారు హాలు, సరస్వతీ మహల్ గ్రంథాలయం, గంట గోపురంగా పిలిచే మాడమాళిగ, గూడగోపురం అన్నీ ఆ ఆవరణలోనే ఉంటాయి. వేర్వేరు భాగాలకు వేర్వేరు టికెట్లు, వేర్వేరు వేళలు ఉంటాయి. మధ్యాహ్నం కొన్ని మూసేస్తారు. అందుకని టికెట్ల దగ్గర మూడు విషయాలు అడగండి: ఈ టికెట్టుతో ఏమేం చూడొచ్చు, భోజన విరామం ఎప్పుడు, ఈరోజు ఏ గోపురం మెట్లు తెరిచి ఉన్నాయి. మూడోది తప్పకుండా అడగాలి. పాత కట్టడాల్లో మరమ్మతుల కోసం, భద్రత కోసం మెట్లదారి మూయడం, తెరవడం మామూలే. ముందే తెలిస్తే నిరాశ ఉండదు. ఇంకో మాట. మెట్లు మూసి ఉన్నా ఈ అధ్యాయంలో చెప్పినవాటిలో సగానికిపైగా కింద నుంచే చేయొచ్చు.

కాలం సంగతి కూడా ఇక్కడే చెబుతాను. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానలు. ఏప్రిల్, మే నెలల్లో ఎండ భరించలేం. జనవరి, ఫిబ్రవరి హాయిగా ఉంటాయి. విమానంలో వచ్చేవాళ్ళు తిరుచిరాపల్లిలో దిగి రోడ్డు మీదో రైల్లోనో రావచ్చు.

3. ఎక్కేముందు పది నిమిషాలు కింద నిలబడండి

ఇది అన్నిటికంటే ముఖ్యమైన అడుగు, అందరూ వదిలేసేదీ ఇదే. గోపురం కనిపించగానే మెట్లెక్కడని వెతుకుతారు. ఆగండి. ఫోను జేబులో పెట్టండి. కింద నుంచి పైకి మెల్లగా చూడండి.

ముందు ఆకారం. పైకి పోయేకొద్దీ ఒక్కో అంతస్తూ కుదించుకుపోతుంది. అందం కోసమే అనుకుంటాం. అసలు సంగతి బరువు. ఇందులో ఇనుప కడ్డీల్లేవు, కాంక్రీటు స్తంభాల్లేవు. గోడే గోడను మోయాలి. పై అంతస్తుల బరువంతా కింది గోడ మీదే పడుతుంది కాబట్టి కింద మందం, పైన తేలిక. మన దక్షిణాది గుడి గోపురాలను గుర్తు తెచ్చుకోండి. చాలావాటికి కింది భాగం రాయి, పైనున్న అంతస్తులన్నీ ఇటుక, సున్నం. రాయిని పైకెత్తడం కష్టం, ఇటుకను ఒక మనిషి గంపలో పెట్టుకుని ఎక్కగలడు. రాజుగారి కావలి గోపురం కట్టిన పనివాళ్ళ చేతిలో ఉన్నదీ అదే విద్య. గుడికి వాడిన నేర్పునే కోటకు తెచ్చారు.

తర్వాత కమానులు చూడండి. కిటికీలకైనా ద్వారాలకైనా పైన వంపు ఎందుకు? ఇటుక ఎంత బరువైనా మోస్తుంది, వంగమంటే మాత్రం విరిగిపోతుంది. అడ్డంగా దూలంలా పెడితే నిలవదు. అందుకే వంపు తిప్పి, పైబరువును రెండు పక్కల గోడల్లోకి దించారు. ఆ ఖాళీలు ఊరికే గాలీ వెలుతురూ కోసం పెట్టినవి కావు. కావలివాడికి అవి కళ్ళు, గోపురానికి తగ్గిన బరువు.

ఇక పూత. పాత పూత ఎక్కడుంది, కొత్తది ఎక్కడుంది, కనిపెట్టగలరా? సున్నపు పూత కాస్త పసుపు కలిసిన తెలుపులో, మెత్తగా కనిపిస్తుంది. సిమెంటు పూసిన చోటు బూడిద రంగులో గట్టిగా ఉంటుంది. తెలంగాణలో డంగు సున్నం అంటాం చూడండి, సున్నమూ ఇసుకా కలిపి గానుగలో రుబ్బడం, అందులో బెల్లం నీళ్ళు, కరక్కాయ నానబెట్టిన నీళ్ళు పోయడం, ఆ పద్ధతి దక్షిణాది అంతటా ఉంది. సున్నం గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకుంటూ ఏళ్ళ తరబడి మెల్లగా గట్టిపడుతుంది. పైగా గోడలోకి దిగిన తేమను బయటికి పోనిస్తుంది. సిమెంటు పోనివ్వదు. లోపల చిక్కుకున్న తేమ ఉప్పులతో కలిసి ఇటుకను పిండి చేసేస్తుంది. పాత కట్టడాలకు మంచి మనసుతోనే సిమెంటు పూసి చెరిచిన ఊళ్ళు మన రెండు రాష్ట్రాల్లోనూ ఎన్నో ఉన్నాయి. మీ ఊరి పాత గుడికో బురుజుకో మరమ్మతు చేస్తున్నప్పుడు "సున్నంతో చేయిస్తున్నారా?" అని అడిగే మనిషి మీరే కావచ్చు. ఆ ప్రశ్న ఇక్కడ నేర్చుకుని వెళ్ళండి.

ఇటుకల సందుల్లో ఎక్కడైనా రావి మొక్క కనబడిందా? పక్షులు వేసిన గింజ. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది, వేరు మాత్రం గోడను చీలుస్తుంది. మీరు పీకకండి, పీకితే ఇటుక కూడా ఊడొస్తుంది. అక్కడి సిబ్బందికి చెప్పండి. గోడ మీద పేర్లు గీకేవాళ్ళు చేసే నష్టం కూడా ఇలాంటిదే. పై పూత చిట్లిన ఆ గీత లోంచే వాననీరు లోపలికి దిగుతుంది. మీ వెంట వచ్చిన కుర్రాడి చేతిలో తాళంచెవి కనిపిస్తే ఈ మాట అక్కడికక్కడే చెప్పండి.

4. ఎత్తు మీరే కొలవండి

190 అడుగులని పుస్తకం చెప్పింది. నమ్మేసి ఊరుకోవడమేనా? నీడ ఉంటే చాలు, ఎవరైనా కొలవొచ్చు.

ఒక కర్రను నిటారుగా నిలబెట్టి దాని నీడ కొలవండి. అదే సమయంలో గోపురం నీడను అడుగులతో కొలవండి. కర్ర పొడవును గోపురం నీడతో గుణించి, కర్ర నీడతో భాగించండి. వచ్చిందే గోపురం ఎత్తు. పొద్దున ఒక వేళలో మీ నీడ సరిగ్గా మీ ఎత్తంతే ఉంటుంది. అప్పుడైతే లెక్క కూడా అక్కర్లేదు, గోపురం నీడ పొడవే దాని ఎత్తు.

ఇక్కడ అందరూ చేసే పొరపాటు ఒకటుంది. నీడ కొన నుంచి గోడ అంచు దాకా కొలుస్తారు. ఎత్తు తక్కువ వస్తుంది. గోపురం శిఖరం గోడ అంచు మీద లేదు, మధ్యలో ఉంది. కాబట్టి గోపురం అడుగుభాగం వెడల్పులో సగం కలుపుకోవాలి. నీడ పక్క భవనం మీద పడితే ఇంకాస్త ఎండెక్కాక ప్రయత్నించండి. ఏప్రిల్ మూడో వారంలో, ఆగస్టు చివరి వారంలో మాత్రం మిట్టమధ్యాహ్నం ఈ పని పెట్టుకోకండి. సూర్యుడు తంజావూరుకు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు, కొలవడానికి నీడే ఉండదు.

లెక్క పది అడుగులు అటూ ఇటూ వచ్చిందా? ఏం ఫర్వాలేదు. తొమ్మిదో తరగతి పిల్లకు త్రికోణమితి ఎందుకో ఆ క్షణంలో అర్థమవుతుంది.

5. మెట్లు: ఎక్కడం తేలిక, దిగడమే కష్టం

తెరిచి ఉన్న గోపురం ఏదైనా సరే, ఈ జాగ్రత్తలు పనికొస్తాయి. లోపలి మెట్లు ఇరుకు, చీకటి, కొన్నిచోట్ల అరిగిపోయి జారుతుంటాయి. పైకప్పు తలకు తగులుతుంది. కావలివాడి కోసం కట్టిన మెట్లు ఇవి, యాత్రికుల కోసం కాదు.

భుజానికి సంచి కాక వీపుకు తగిలించే సంచి వేసుకోండి, రెండు చేతులూ ఖాళీగా ఉండాలి. టార్చి పట్టుకెళ్ళండి, ఫోను వెలుతురు మీదే ఆధారపడితే ఫోటో తీసే ప్రతిసారీ చీకట్లో నిలబడాలి. పాదానికి పట్టు ఉండే చెప్పులు వేసుకోండి. చీర కుచ్చిళ్ళు, పంచె అంచులు కాస్త పైకి దోపుకోండి. ఎదురుగా ఎవరైనా దిగుతుంటే వాళ్ళకే దారివ్వండి, కింద పడే ప్రమాదం దిగేవాళ్ళకే ఎక్కువ. పావురాలు, గబ్బిలాలు ఉన్నచోట ఆయాసం, ఉబ్బసం ఉన్నవాళ్ళు ముక్కుకు గుడ్డ కట్టుకోవాలి, లేదా కిందే ఆగిపోవాలి. ఉరుములు మొదలైతే వెంటనే దిగిపోండి. చుట్టుపక్కల అంతటికీ ఎత్తైన చోటు మీరు నిలబడ్డదే.

మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళు పైకి వెళ్ళగలరు, దిగేటప్పుడే బాధ. అందుకే ఎక్కేముందే మాట్లాడుకోండి. "అత్తయ్యా, మీరు సగం దాకా రండి, అక్కడ కమాను దగ్గర కూర్చుందురు గాని, మేం పైకెళ్ళొస్తాం" అంటే ఆవిడకూ గౌరవంగా ఉంటుంది, మీకూ కంగారుండదు. "మీరెక్కలేరులెండి" అన్న మాట మాత్రం వద్దు.

సగంలో ఆగిపోయినవాళ్ళు ఏమైనా పోగొట్టుకుంటారా? చాలా తక్కువ. ఎందుకో తర్వాతి అడుగులో లెక్కతో చూపిస్తాను.

6. పైనుంచి ఏం చూడాలి?

పైకి చేరగానే అందరూ చేసే పని సెల్ఫీ. తీసుకోండి, కాదనను. తర్వాత గోపురాన్ని ఎందుకు కట్టారో ఆ పని ఒక్కసారి మీరూ చేయండి. నాలుగు దిక్కులకూ తిరిగి, ఒక్కో దిక్కులో నాలుగైదు నిమిషాలు నిలబడండి.

నైరుతి వైపు పెద్ద గుడి విమానం. 1010 ప్రాంతంలో రాజరాజ చోళుడు కట్టించిన 216 అడుగుల గ్రానైటు విమానం. ఈ రెండు ఎత్తులూ ఒకదాన్నొకటి చూసుకుంటున్నట్టుంటాయి. ఒకటి రాయి, దేవుడిది. ఇంకొకటి ఇటుక, రాజుది. రాజుది కాస్త పొట్టిగా ఉండడం గమనించండి. ఉత్తరాన కావేరి, దాని పాయలు, పచ్చదనం. ఆ వైపే 13 కిలోమీటర్లు వెళ్తే తిరువయ్యారు, త్యాగరాజస్వామి ఉన్న ఊరు. దక్షిణానికి పోయేకొద్దీ నేల మెట్ట అవుతుంది. తూర్పున సముద్రముంది గానీ కనిపించదు, చాలా దూరం.

ఎంత దూరం కనిపిస్తుందో లెక్క కట్టడం తేలికే. మీరున్న ఎత్తును మీటర్లలో తీసుకుని, వర్గమూలం కట్టి, 3.57తో గుణించండి. భూమి గుండ్రంగా ఉండడం వల్ల మీకు కనిపించే నేల అంచు ఎన్ని కిలోమీటర్ల దూరంలో ఉందో వస్తుంది. 190 అడుగులంటే దాదాపు 58 మీటర్లు. వర్గమూలం 7.6. గుణిస్తే 27 కిలోమీటర్లు. గుర్రపుదండు ఒక రోజు నడక దూరంలో ఉండగానే కోటలో నగారా మోగించవచ్చన్నమాట. అదే సగం ఎత్తులో, 29 మీటర్ల దగ్గర ఆగిపోతే? 19 కిలోమీటర్లు. ఎత్తు సగమైనా చూపు మూడింట రెండొంతులు మిగిలే ఉంది. సగంలో కూర్చున్న అత్తయ్యకు ఈ లెక్క చెప్పండి.

పొగమంచు, దుమ్ము ఉన్న రోజుల్లో ఇంత దూరం కనిపించదు. వాన వెలిసిన మర్నాటి ఉదయం బాగా కనిపిస్తుంది.

7. కథ విన్నప్పుడు పరీక్షించండి, కొట్టిపారేయకండి

విజయరాఘవ నాయకుడు రోజూ కోటలోని గోపురమెక్కి శ్రీరంగం గోపురాన్ని దర్శించుకున్నాకే భోజనం చేసేవాడని ఇక్కడ ఒక కథ చెబుతారు. వినగానే ఇద్దరు రెండు రకాలుగా స్పందిస్తారు. ఒకరు చేతులు జోడిస్తారు. ఇంకొకరు "అబ్బే, అదంతా కట్టుకథ" అంటారు. ఇద్దరూ అక్కడే ఆగిపోతారు. మీరు ఆగకండి.

శ్రీరంగం ఇక్కడికి దాదాపు 50 కిలోమీటర్లు. 58 మీటర్ల ఎత్తు నుంచి నేల కనిపించేది 27 కిలోమీటర్లే. కానీ అవతల ఉన్నది నేల కాదు, గోపురం. అదీ ఎత్తుగా ఉంది కాబట్టి దాని వంతు దూరం కలపాలి. మిగిలిన 23 కిలోమీటర్లకు ఎంత ఎత్తు కావాలి? 23ను 3.57తో భాగించి వర్గం చేస్తే దాదాపు 41 మీటర్లు. అంటే అవతల 41 మీటర్లకు మించిన గోపురం ఉండి, ఆకాశం నిర్మలంగా ఉంటే, దాని కొన కనిపించే వీలుంది. ఇప్పుడు శ్రీరంగంలో మనం చూసే 236 అడుగుల రాజగోపురమా అది? అది కాదు. శతాబ్దాల తరబడి అసంపూర్తిగా ఉండిపోయిన ఆ గోపురాన్ని అహోబిల మఠం వారి పూనికతో 1987లో పూర్తిచేశారు. రాజు చూసి ఉంటే లోపలి ప్రాకారాల గోపురాన్నే చూసి ఉండాలి. చూశారా, ఒక కథ మిమ్మల్ని భూమి వంపు దగ్గరికి, శ్రీరంగం నిర్మాణ చరిత్ర దగ్గరికి తీసుకెళ్ళింది. కథను నమ్మినా నమ్మకపోయినా, దానితో పని చేయించుకున్నారు.

ఇంకో కథ ఉంది, అది చరిత్ర. 1673లో మధుర నాయకుడు చొక్కనాథుడు దండెత్తి వచ్చాడు. విజయరాఘవుడు తన కూతుర్ని అతనికిచ్చి పెళ్ళి చేయడానికి ఒప్పుకోకపోవడం కారణమని చెబుతారు. ముసలి రాజు యుద్ధంలో చనిపోయాడు. అంతఃపుర స్త్రీలు శత్రువుకు చిక్కకుండా మందుగుండుతో ప్రాణాలు తీసుకున్నారు. ఆ మాట తెలిసి పైన నిలబడితే నైరుతి వైపు చూపు నిలవదు. మధుర ఆ దిక్కునే ఉంది. దయచేసి ఈ కథను పిల్లలకు వీరగాథలా ఊదరగొట్టకండి. అడిగితే ఉన్నదున్నట్టు చెప్పండి, వాళ్ళు అర్థం చేసుకుంటారు.

8. దిగాక గ్రంథాలయానికి వెళ్ళండి

గోపురం దిగగానే కొబ్బరిబోండం తాగి బస్సెక్కేయాలనిపిస్తుంది. తాగండి, కానీ బస్సెక్కకండి. అదే ఆవరణలో సరస్వతీ మహల్ ఉంది. నాయకరాజుల కాలంలో మొదలై, మరాఠా రాజు రెండో శరభోజి చేతిలో బాగా పెరిగిన గ్రంథాలయం. సంస్కృతం, తమిళం, మరాఠీలతో పాటు తెలుగు తాళపత్రాలూ ఇక్కడ వందల్లో ఉన్నాయి.

మీరు బడిలో చదువుకున్న పేర్లు ఇక్కడ మనుషులవుతారు. చేమకూర వెంకటకవి విజయవిలాసాన్ని అంకితమిచ్చింది ఈ కోట రాజు రఘునాథుడికే. రఘునాథుడు తానూ కవే. ఆయన కొడుకు విజయరాఘవుడి కొలువులో పసుపులేటి రంగాజమ్మ మన్నారుదాస విలాసం రాసింది, రాజు చేత కనకాభిషేకం చేయించుకుంది. పైన కావలివాడు దిక్కులు చూస్తుంటే కింద దర్బారులో తెలుగు యక్షగానం ఆడుతున్న రోజులవి. ఒకే ప్రాంగణంలో ఆయుధాగారం, నాటకశాల. ఈ జంటను ఇంత దగ్గరగా చూపించే చోటు మనకు ఇంకెక్కడుంది?

కళాభవనంలో చోళుల కంచు విగ్రహాల దగ్గర కూడా తొందర వద్దు. అన్నీ చూడాలనుకుంటే ఏదీ చూడలేరు. తిరువెంకాడు నుంచి వచ్చిన వృషభవాహనుడి ముందు నిలబడండి. నందే కనిపించదు, కానీ నంది మీద మోచేయి ఆనించినట్టు శివుడి చేయి గాలిలో నిలిచి ఉంటుంది. ఆ ఒక్క విగ్రహానికి పదిహేను నిమిషాలు ఇవ్వండి, మిగతావాటిని దాటి వెళ్ళినా నష్టం లేదు. పిల్లలకు మాత్రం తరంగంబాడి దగ్గర ఒడ్డుకు కొట్టుకొచ్చిన తిమింగలం అస్థిపంజరం చూపించండి, అదీ ఈ ఆవరణలోనే ఉంది.

9. ఆ రాత్రే రాసుకోండి, మర్నాడు ఇంకో చోటికి వెళ్ళండి

లాడ్జికి వచ్చాక ఫోటోలు పంపించే ముందు ఒక కాగితం తీసుకోండి. మూడే సంగతులు రాయండి: మీ ప్రశ్నకు దొరికిన జవాబు, మీరు కొలిచిన ఎత్తు, ఇంకా తేలని ఒక సందేహం. అంతకంటే ఎక్కువ రాయబోతే బద్ధకమేస్తుంది, మానేస్తారు. ఇంట్లో నలుగురు వెళ్తే నలుగురూ విడివిడిగా రాసి, తర్వాత చదివి వినిపించుకోండి. ఒకే గోపురాన్ని నలుగురు ఎన్ని రకాలుగా చూశారో తెలిసి ఆశ్చర్యపోతారు.

మర్నాడు ఇంకో రోజు మిగిలి ఉంటే నా సలహా తరంగంబాడి. తంజావూరు నుంచి దాదాపు వంద కిలోమీటర్లు, సముద్రపు ఒడ్డు. 1620లో రఘునాథ నాయకుడు డెన్మార్కు వాళ్ళకు వ్యాపారం చేసుకోవడానికి అక్కడ చోటిచ్చాడు. వాళ్ళు కట్టుకున్న డాన్స్‌బోర్గ్ కోట ఇప్పటికీ నిలిచి ఉంది. ఆ ఒప్పందం సందర్భంగా రఘునాథుడు డెన్మార్కు రాజు నాలుగో క్రిస్టియన్‌కు బంగారు రేకు మీద ఉత్తరం రాయించి పంపాడు. ఉత్తరం తమిళంలో ఉంది, కింద రాజుగారి సంతకం తెలుగులో. ఆ రేకు ఇప్పుడు కోపెన్‌హాగెన్‌లో, అక్కడి జాతీయ దస్తావేజుల భాండారంలో ఉంది. పొద్దున్నే బయల్దేరితే ఎండ ముదరకముందే కోట చూసి, దారిలో కుంభకోణంలో భోజనం చేసి, రాత్రికి తంజావూరు తిరిగి రావచ్చు. కోట ఏ వేళల్లో తెరిచి ఉంటుందో ముందురోజే కనుక్కుని, కర్రా టార్చీ సంచిలోనే ఉంచుకుని బయల్దేరండి.